కాలువ అవతలి గుడ్డ

పాలావిడను కారెక్కిస్తున్నప్పుడు ఆవిడ చేతిలో పాలు కొలిచే గ్లాసు ఉంది. ఆవును అమ్మేసి ఎంతకాలమైందో ఊరందరికీ తెలుసు. అయినా ఇంట్లోంచి బయటికి రమ్మన్నప్పుడు ఆవిడ చేతికి అందింది అదే. కూతురు దాన్ని తల్లి వేళ్ల మధ్య నుంచి మెల్లగా ఊడదీసి అరుగు మీద బోర్లించింది.

"మా ఇంట్లో గ్లాసుల్లేవా అమ్మా?"

"ఉంటాయిలే. ఇది అరలీటరుది," అంది పాలావిడ.

అల్లుడు నవ్వబోయి మానేశాడు. దుప్పట్లు, మూటలు, ఒక కుర్చీ కారు వెనకాల కుక్కి తాడు బిగిస్తున్నాడు. చెడ్డవాడేం కాదు. అత్తగారిని సీట్లో కూర్చోబెట్టేటప్పుడు తల తగలకుండా చెయ్యి అడ్డం పెట్టాడు కూడా. అక్కడున్నవాళ్లంతా మంచివాళ్లే. వెళ్తావా అని ఆవిణ్ని మాత్రం ఒక్కరూ అడగలేదు.

కుట్టుమిషనావిడ ప్రహరీగోడ పట్టుకుని నిలబడింది. దగ్గరికి వెళ్తే ఏడుపొస్తుందని, వెళ్లకపోతే బాగోదని సగం దూరంలో ఆగిపోయింది. కారు కదలబోతుండగా పాలావిడ అద్దం దించమని గోల చేసి తల బయట పెట్టింది.

"వదినా, నేనేం తప్పు చేశానే? రెండు పూటలు గుడ్డ కట్టడం మర్చిపోయాను. ఒకసారి పొయ్యి ఆర్పలేదు. అంతేగా? నువ్వైనా చెప్పవే!"

చెప్పడానికి కుట్టుమిషనావిడ నోరు తెరిచింది. పక్కనే టీచరమ్మ ఉంది. తెరిచిన నోరు మూసుకుంది. కారు వెళ్లిపోయాక, ఎవరూ చూడకుండా అరుగు మీది గ్లాసు తీసి శాలువాలో దాచుకుంది.

గుడ్డ కట్టడం టీచరమ్మ పెట్టిన పద్ధతి. ఊరికి ఆ వైపున ఇళ్లు చేల మధ్య దూరదూరంగా ఉంటాయి. ఒక్కో ఇంట్లో ఒక్కో ముసలి ప్రాణం. తాళాలు బాగుచేసే ఆయన ఇంట్లోనే పోయి, వాసన వచ్చేదాకా ఎవరికీ తెలియకపోయేసరికి, టీచరమ్మ అందర్నీ పోగుచేసి ఈ ఏర్పాటు చేసింది. పొద్దున లేవగానే గుమ్మం ముందు పాతిన కర్రకు గుడ్డ కట్టాలి, సాయంత్రం విప్పాలి. అయితే ఎవరి గుడ్డ వాళ్లు ఊరికే కట్టేసుకోకూడదు. తన ముందింటి గుడ్డ కళ్లారా చూశాకే తనది కట్టాలి. కాలువ అవతల పోస్టాయన గుడ్డ చూసి పాలావిడ, పాలావిడది చూసి కుట్టుమిషనావిడ, కుట్టుమిషనావిడది చూసి టీచరమ్మ. ఆ ఒక్కటీ కనిపిస్తే వరసంతా బతికే ఉన్నట్టు టీచరమ్మకు లెక్క. చాలా మంచి పద్ధతి, అందులో అనుమానం లేదు. గుడ్డ కట్టనివాళ్ల సంగతి వాళ్ల పిల్లలకు ఫోన్ చేసి చెప్పడం కూడా ఆ పద్ధతిలో భాగమేనని మాత్రం పాలావిడ వెళ్లేదాకా ఎవరికీ తట్టలేదు.

"ఎవరో ఒకరు బాధ్యత తీసుకోవాలి కదక్కా," అంది టీచరమ్మ, ఎవరూ అడక్కుండానే. "రేపు ఇల్లు అంటుకుంటే ఆ పాపం ఎవరిది?"

"అవునమ్మా."

"ఇక మధ్యలో ఇల్లు లేదు. పోస్టాయన గుడ్డ నువ్వే చూడాలి. మీ గుమ్మంలోంచి కనిపిస్తుంది కదూ?"

ఇన్నాళ్లూ పాలావిడ గుడ్డే కుట్టుమిషనావిడకు తెల్లటి మచ్చలా కనిపించేది. దాని అవతల కాలువ, కాలువ అవతల గట్టు, గట్టు మీద పోస్టాయన ఇల్లు ఉన్నాయని తెలుసు కాబట్టి ఉన్నాయి. కళ్లలో పొరలు కమ్ముకుంటున్న సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు. పట్నంలో ఉన్న మేనకోడలు ఒకసారి కళ్లు నులుముకుంటుంటే చూసి, "ఆపరేషన్ చేయిద్దాం అత్తా, ఆ తర్వాత ఇక మా దగ్గరే ఉండిపోదువుగాని" అంది. మొదటి మాటకు ఆశ పుట్టింది. రెండో మాటకు ఆ ఆశ కాస్తా చచ్చింది. అప్పట్నుంచి ఎవరైనా అడిగితే తన చూపుకేం, నిక్షేపంలా ఉందనే చెబుతోంది.

"ఎందుకు కనిపించదూ!" అంది.

"ఏదీ, ఇప్పుడెలా ఉందో చెప్పు."

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. అతకడమే ఆవిడ వృత్తి. ఇంకా పొద్దుంది కాబట్టి గుడ్డ విప్పి ఉండడు. పోస్టాయన ఎప్పుడూ పాత తెల్లగుడ్డే కడతాడు. గాలి వీస్తోంది.

"తెల్లగా కనిపిస్తోంది. గాలికి కాస్త కర్ర చుట్టూ చుట్టుకుపోయింది."

టీచరమ్మ నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది. "కళ్లంటే నీవేనక్కా! చుట్టుకుపోయిన సంగతి నాకైతే తెలియనే లేదు."

కుట్టుమిషనావిడ నవ్వింది. శాలువా కింద గ్లాసును ఇంకాస్త లోపలికి నెట్టింది.

మర్నాడు తెల్లవారగానే గుమ్మంలో నిలబడి కళ్లు కాయలు కాచేలా చూసింది. ఒక కన్ను మూసి చూసింది. గుప్పిలి బిగించి, అందులోని సందులోంచి చూసింది. కాలువ అవతల తెల్లటిదేదో ఉంది. గుడ్డ కావచ్చు. కొంగ కావచ్చు. వట్టి ఆకాశం కావచ్చు. వెళ్లి చూసొద్దామంటే, ఆలస్యమైతే టీచరమ్మ తానే వచ్చేస్తుంది. ఏమక్కా ఇంతసేపైంది అంటుంది. ఆ ప్రశ్నలోంచి ఇంకో ప్రశ్న, దానిలోంచి మరొకటి, చివరికి ఫోను. కొస లాగితే దారపుండంతా ఊడొచ్చినట్టు.

ఆవిడ తన గుడ్డ కట్టేసింది. ముడి వేస్తుంటే తప్పుడు సాక్ష్యం కాగితం మీద వేలిముద్ర వేస్తున్నట్టనిపించింది.

ఆ తర్వాత మిషను ముందు కూర్చుంది. సూదిలో దారం ఎక్కించడానికి ఇప్పుడు ఆవిడకు కళ్లు అక్కర్లేదు. దారం కొసను సబ్బు మీద రాసి గట్టిపరుస్తుంది. ఎడమచేతి గోరుతో సూది బెజ్జం ఎక్కడుందో తడిమి, గోరంచునే దారాన్ని నడిపిస్తుంది. ఎక్కితే వేలికి తెలుస్తుంది. దిండు గలీబులు, సంచులు, ప్యాంట్ల అంచులు చేతివాటంతో సాగిపోతాయి. కొత్త కొలతలు మాత్రం ఒప్పుకోవడం మానేసింది. ఎవరైనా అడిగితే "తీరిక లేదమ్మా" అంటుంది. తీరిక లేని కుట్టుపనావిడ అని పేరు కూడా వచ్చింది.

ఆ రోజు చేతివాటం సాగలేదు. పోస్టాయన మంచం మీదే పోయి ఉంటే? కాలుజారి పడి ఉంటే? ఆయన బతికే ఉన్నాడని ఊరికి చెబుతున్నది ఇప్పుడు ఆయన గుడ్డ కాదు, తన గుడ్డ. ఆ ఆలోచన రాగానే మిషను తొక్కుతున్న కాళ్లు ఆగిపోయాయి.

మధ్యాహ్నం ఇక తట్టుకోలేక, చేతిసంచిలో కత్తెర, బొత్తాల డబ్బా వేసుకుని బయల్దేరింది. కాలువ మీద పలక ఒకటే ఉంది. కాలితో అంచు తడుముకుంటూ, నీళ్ల చప్పుడు ఎటుందో వింటూ దాటింది. గట్టెక్కి గుమ్మం ముందు ఆగి పిలిచింది.

"అన్నయ్యగారూ!"

లోపలి నుంచి మంచం కిర్రుమంది. ఒక మూలుగు. ఆగి, ఇంకో మూలుగు. గోడను అరచేత్తో తడుతున్న చప్పుడు. తలుపు దాకా రావడానికి ఆయనకు ఎంతసేపు పట్టిందంటే, ఆవిడ భయం తీరి, మళ్లీ కొత్తగా పుట్టింది.

"చెల్లెమ్మా! ఇంత దూరం నువ్వొచ్చావేమిటి? ఊరు తిరగడం నా ఉద్యోగం కదా!"

"చొక్కా బొత్తాలేమైనా ఊడాయేమోనని."

"ఊడినవి మోకాళ్లమ్మా. వాటికి కుట్లు వెయ్యగలవా?" అంటూ నవ్వి, గుమ్మాన్ని పట్టుకుని మెల్లగా కిందికి జారి కూర్చున్నాడు. "మూడు ఊళ్ల ఉత్తరాలు మోసిన కాళ్లు. ఇప్పుడు పెరట్లోకి పొమ్మంటే మొరాయిస్తున్నాయి."

కాసేపటికి ఆయనే అడిగాడు. "పాలావిణ్ని తీసుకుపోయారటగా?"

"తీసుకుపోయారు."

"టీచరమ్మ నా గురించేమైనా అందా? పొద్దున్నే లేవట్లేదనీ, అదనీ ఇదనీ... మా తమ్ముడికి ఫోన్ చేసిందంటే వాడు మర్నాడే బండి వేసుకొస్తాడు."

"నిన్నెందుకంటుంది? నీ గుడ్డ తెల్లారేసరికి ఉంటోందిగా."

"ఆఁ, ఉంటోంది," అన్నాడు పోస్టాయన. అని వేరే వైపు తిరిగాడు. ఆ ముఖంలో ఏముందో ఆవిడకు కనిపించలేదు.

వెళ్లేముందు కర్ర దగ్గర ఆగి గుడ్డను వేళ్లతో నలిపి చూసింది. ఉతికి ఉతికి సాలెగూడులా పలచబడిపోయింది. "ఇది మరీ మాసిపోయింది అన్నయ్యగారూ. మబ్బులో కలిసిపోతోంది. పెద్దది కుట్టి ఇస్తాను. ఎర్రది."

"ఎర్రదెందుకమ్మా? రైళ్లాపాలా?"

ఆవిడ కూడా నవ్వింది. ఎందుకో చెప్పలేదు.

ఇంట్లో పాత తెర ఒకటి ఉంది, ముదురు ఎరుపు. దాన్ని రెండు మడతలుగా వేసి, నాలుగంచులూ మడిచి, మధ్యలో అడ్డంగా, నిలువుగా కుట్లు వేసింది. గాలికి చుట్టుకోకుండా కింది అంచులో పాత మిషను సూదులు, విరిగిన కొక్కేలు బరువుకు పెట్టి కుట్టింది. ఒక చిన్న దుప్పటంత గుడ్డ తయారైంది. అంత శ్రద్ధగా ఆవిడ పెళ్లిబట్టలు కూడా కుట్టలేదు. మర్నాడు తీసుకెళ్లి ఇస్తే పోస్టాయన, "ఇది కట్టుకుని నేనే కర్ర మీద వేలాడాలి" అంటూ తీసుకున్నాడు.

ఆ మరుసటి పొద్దున గుమ్మంలో నిలబడ్డప్పుడు కాలువ అవతల, సరిగ్గా ఉండాల్సిన చోట, ఎర్రటి నలుసు ఒకటి కదిలింది. ఆవిడ కళ్లు మూసి మళ్లీ తెరిచింది. ఉంది. ప్రాణం లేచొచ్చింది. తన గుడ్డ కట్టేసింది. ఆ పూట వేసిన కుట్టు గీత గీసినట్టు వచ్చింది.

సాయంత్రం టీచరమ్మ చిరిగిన సంచి పట్టుకుని వచ్చి అరుగు మీద కూర్చుంది.

"మీ మేనకోడలు ఫోన్ చేసిందక్కా. అత్త ఎలా ఉంది, ఒక్కత్తే చేసుకోగలుగుతోందా అని అడిగింది. నీ గుడ్డ ఒక్కరోజు కూడా తప్పలేదనీ, నీ చూపు నాకంటే నయమనీ చెప్పాను. అలాగైతే సరేలెండి అంది."

"చల్లగా ఉండండమ్మా," అంది కుట్టుమిషనావిడ. ఆ 'అలాగైతే' అన్న మాట మాత్రం గుండెలో గుండుసూదిలా దిగింది. అలాగే ఉన్నంత కాలమే ఈ ఇల్లు, ఈ మిషను, ఈ అరుగు. ఒక్కరోజు అలా లేకపోతే కారొస్తుంది.

ఆ రాత్రి తుంపర పడింది. తెల్లవారకముందే ఆగిపోయినా మబ్బు విడలేదు. పొద్దున గుమ్మంలో నిలబడితే లోకమంతా బూడిద రంగు. ఎరుపు లేదు, తెలుపు లేదు, కాలువ లేదు. ఆవిడ గుప్పిలిలోంచి చూసింది. రెప్పలు నీళ్లతో తుడుచుకుని చూసింది. ఏమీ లేదు.

మబ్బు మూలానే, అనుకుంది. వెలుతురు లేకపోతే ఎరుపు నల్లబడుతుంది, బట్టల మధ్య బతికినదానికి ఆ మాత్రం తెలియదా? తన గుడ్డ కట్టేసి లోపలికొచ్చింది. పని మొదలుపెట్టింది. చొక్కా చేతిని తిరగేసి కుట్టేసింది. విప్పింది. మళ్లీ తిరగేసే కుట్టింది. మూడోసారి సూది వేలి పక్కనుంచి దూసుకుపోయింది.

వెళ్లాలంటే భయం. ఎందుకెళ్లావని ఎవరైనా అడిగితే, కనిపించక వెళ్లానని చెప్పాలి. వెళ్లకపోతే ఇంకో భయం. రెండు భయాల మధ్య కాసేపు కూర్చుంది. పెద్ద భయం ఏదో తేల్చుకోలేక, చివరికి కాళ్లే లేచాయి.

పలక తడిసి జారుతోంది. నిలబడి దాటే ధైర్యం లేక వంగి, రెండు చేతులూ పలక మీద ఆనించి, చంటిపిల్లలా పాకింది. కింద నీళ్లు రాత్రి వానకు బలిసి ఉరుకుతున్నాయి. తను పడితే ఎవరికి తెలుస్తుంది? తన గుడ్డ కర్ర మీద హాయిగా ఎగురుతోంది కదా. ఆ మాట తట్టి, పలక మధ్యలో ఒక్క నిమిషం ఆవిడకు చేయీ కాలూ ఆడలేదు.

"అన్నయ్యగారూ!" గట్టెక్కగానే పిలిచింది. పలుకు లేదు. "అన్నయ్యగారూ!"

చేతులు చాచుకుంటూ కర్ర దగ్గరికి చేరింది. ముఖానికి బరువుగా ఏదో తగిలింది. గుడ్డ. కట్టే ఉంది.

అమ్మయ్య. లేచాడు, కట్టాడు, మళ్లీ పడుకుని ఉంటాడు. అనవసరంగా గుండెలు బాదుకున్నాను, అనుకుని వెనక్కి తిరిగింది. రెండడుగులు వేసి, చెంప మీది నీళ్లు తుడుచుకోబోయింది. నీళ్లెక్కడివి? అరచెయ్యి కూడా తడిగా ఉంది. మళ్లీ వెళ్లి గుడ్డను రెండు చేతుల్లోకి తీసుకుంది. రెండు మడతలూ నాని, కుట్ల దాకా నీరు పట్టి, బరువుకి పెట్టిన కొక్కేల దగ్గర బొట్లు బొట్లుగా కారుతోంది. పొద్దున కట్టిన గుడ్డ పొడిగా ఉండాలి. ఇది రాత్రంతా వానలో ఉంది.

తలుపు తోసింది.

లోపల చీకటి, తడి నేల వాసన. కాళ్లతో నేల తడుముకుంటూ నడిచింది. మంచం ఖాళీ. వెనక గుమ్మం దగ్గర పాదానికి మెత్తగా ఏదో తగిలింది. ఆవిడ అరిచింది. నేల మీంచి సన్నటి గొంతు పలికింది.

"నేనేలే. దెయ్యాన్ని కాదు... ఇంకా."

ఆవిడ పక్కన కూలబడి ఆయన ముఖం, భుజాలు, చేతులు తడిమింది. చల్లగా ఉన్నాడు. తుంటి దగ్గర చెయ్యి పడగానే కేక పెట్టాడు.

"రాత్రి పెరట్లోకని లేచాను. గడప తన్నింది. అరిచాను చాలాసేపు." ఆగి ఊపిరి తీసుకున్నాడు. "అద్దం దగ్గర ఫోనుంది. టీచరని రాసుంటుంది, చూసి నొక్కు."

ఫోన్ తడిమి తెచ్చింది. వేళ్లకు బొత్తాలు తగిలాయి గాని, వెలిగే చిన్న గాజుపలక తప్ప మరేమీ కనిపించలేదు. పట్టుకుని అలాగే కూర్చుంది.

"నొక్కమ్మా."

"నాకు కనిపించదు."

"కళ్లజోడు తెచ్చుకోలేదా?"

"తెచ్చుకున్నా కనిపించదు."

చూరు నుంచి నీటిచుక్కలు పడుతున్నాయి.

"మరి నా గుడ్డ?" అన్నాడు పోస్టాయన.

"కనిపించలేదు. అందుకే వచ్చాను."

"కట్టే ఉంచానే."

"తడిసి ముద్దయింది. ఎప్పుడు కట్టావు?"

"రాత్రే. పాలావిణ్ని తీసుకుపోయినప్పట్నుంచీ సాయంత్రం విప్పి, పడుకోబోయే ముందే మళ్లీ కట్టేస్తున్నాను. పొద్దున ఈ కాళ్లతో లేవడం ఆలస్యమైతే టీచరమ్మ మా తమ్ముడికి చెబుతుందని." అంతలోనే నవ్వొచ్చింది ఆయనకు. నవ్వితే నొప్పి, నొప్పిలోంచి మళ్లీ నవ్వు. "గుడ్డికన్నా మెల్ల నయమంటారు. నా పాలిట గుడ్డే నయమైంది చెల్లెమ్మా. నీకు కళ్లుంటే ఇంట్లో కూర్చుని కుట్టుకునేదానివి. నేనిక్కడ పోయేవాణ్ణి, పైన జెండా ఎగురుతుండగా."

ఆవిడ నవ్వలేదు. ఆయన చెప్పినదంతా నిజమే.

"టీచరమ్మకు చెప్పకమ్మా," అన్నాడు.

"నా సంగతీ చెప్పకు."

"చెప్పను. ఐదు మీద బుడిపె ఉంటుంది, వేలికి తగిలిందా? దాని పైది రెండు, కిందిది ఎనిమిది. నేను చెబుతుంటే నొక్కు."

మబ్బు విడేసరికి పోస్టాయన ఇంటి ముందు చిన్న గుంపు చేరింది. ఆస్పత్రి బండి వచ్చింది. నర్సమ్మ కాలికి చెక్క కట్టించి, తుంటి ఎముక విరిగిందనీ, ఇంకో పూట ఆలస్యమైతే చలికే పోయేవాడనీ అంది. టీచరమ్మ ఆయాసపడుతూ వచ్చి కుట్టుమిషనావిణ్ని కౌగిలించుకుంది.

"చూశారా! ఈ పద్ధతే లేకపోతే ఈయన దక్కేవాడా?" అంది అందరి వైపూ తిరిగి. "గుడ్డలో ఏదో తేడా ఉందని ఇంత మబ్బులో, అంత దూరం నుంచి కనిపెట్టిందంటే మాటలా? అక్కా, ఇక రోడ్డు వెనకాల ఇళ్లు కూడా నీకే అప్పగిస్తాను. నీ కళ్లున్నంత కాలం మాకు భయం లేదు."

గుమ్మం ముందుకు మోసుకొచ్చిన పడక మీంచి పోస్టాయన చెయ్యి చాచి ఆవిడ మణికట్టు పట్టుకున్నాడు. చెప్పొద్దన్నట్టు నొక్కాడు.

ఆ క్షణాన ఆవిడ ఇల్లు ఎన్నడూ లేనంత భద్రంగా ఉంది. ఊరుకుంటే చాలు. మేనకోడలికి ఈ కబురే వెళ్తుంది, ఇక ఎవరూ ఆవిణ్ని కదపరు. అయితే రేపు రోడ్డు వెనకాల ఇళ్లలో ఎవరో పడిపోతారు. కర్ర మీద గుడ్డ ఉంటుంది. తను కనిపించిందంటుంది.

భయంతోనే కర్ర దగ్గరికి నడిచింది. ఎర్రగుడ్డ విప్పి, టీచరమ్మ ముందు రెండు చేతులా పిండింది. నీళ్లు ధారగా కారి ఇద్దరి పాదాల మీదా పడ్డాయి.

"ఇది రాత్రి కట్టింది టీచరమ్మా. పొద్దున కూడా కట్టే ఉంది. కళ్లున్నవాళ్లెవరైనా దీన్ని చూసి అన్నీ బాగున్నాయనుకుంటారు. నాకు కనిపించలేదు కాబట్టి వచ్చాను."

"కనిపించకపోవడమేమిటి? ఆ రోజు చుట్టుకుపోయిందని కూడా చెప్పావు!"

"భయమేసి చెప్పాను."

"ఎందుకు భయం?"

"మీరు ఫోన్ చేస్తారని."

టీచరమ్మ పోస్టాయన వైపు చూసింది. ఆయన ఆకాశం వైపు చూస్తూ, "నాదీ అదే," అన్నాడు.

"నేను మీ మంచికేగా చేసింది!" టీచరమ్మ గొంతు ఉన్నట్టుండి చిన్నదైపోయింది.

"మా మంచికేనమ్మా. అందుకే మీకెదురు చెప్పడానికి నోరు పెగల్లేదు," అంది కుట్టుమిషనావిడ.

టీచరమ్మ గుమ్మం మెట్టు మీద కూర్చుని, తడిసిన పాదాలు చూసుకుంటూ ఉండిపోయింది. బండి కదిలినప్పుడు కూడా లేవలేదు.

ఆ సాయంత్రం కుట్టుమిషనావిడ మిషనుకు నూనె వేసి, తుడిచి, ముసుగు కప్పింది. సంచిలో రెండు జతల బట్టలు పెట్టుకుంది. తీసేసింది. మళ్లీ పెట్టుకుంది. పాలగ్లాసును ఎక్కడ పెట్టాలో తోచక బట్టల మధ్య దోపింది. కారొస్తే తనూ ఏదో ఒక పిచ్చి వస్తువు చేత్తో పట్టుకుని బయటికొస్తుందేమోనని భయమేసింది.

పొద్దున గుడ్డ కట్టలేదు. చూడాల్సిన ఇల్లు లేదు, ఇక చూసినట్టు నటించాల్సిన పనీ లేదు. కుర్చీలో కూర్చుని చెవులు రిక్కించింది. రోడ్డు మీద ఏదో బండి ఆగిన చప్పుడైంది. కాసేపటికి అడుగులు, ఆ తర్వాత తలుపు మీద దెబ్బ.

"అక్కా!"

టీచరమ్మ గొంతు. కుట్టుమిషనావిడ లేవబోయి ఆగింది. పలికితే తలుపు తియ్యాలి. వెనకాల మేనకోడలు నిలబడి ఉంటుందా?

"అక్కా, లేచావా? అక్కా!" దెబ్బలు గట్టిగా పడుతున్నాయి. "పలకవే! ఏమైంది నీకు? అక్కా!"

ఆ గొంతు పగిలిపోతోంది. దాన్ని ఆవిడ ఎక్కడో విన్నది. నిన్న గట్టెక్కి, "అన్నయ్యగారూ" అని పిలిచినప్పుడు తన నోట్లోంచి వచ్చింది సరిగ్గా ఇదే.

"ఉన్నానమ్మా, ఉన్నాను! గడియ చేతికి దొరకట్లేదు, ఆగండి!"

తలుపు తీసేసరికి టీచరమ్మ ఒక్కతే ఉంది. గుమ్మాన్ని పట్టుకుని రొప్పుతోంది.

"పలకడానికింత సేపా? నా ప్రాణాలు పోయాయనుకో." లోపలికొచ్చి, కుర్చీ మీది సంచి చూసి ఆగిపోయింది. "ఎవరికీ ఫోన్ చెయ్యలేదక్కా. నీ కళ్ల సంగతి మీ మేనకోడలికి చెబితే నువ్వే చెప్పు. ఎక్కడుంటావో కూడా నువ్వే చెప్పు. రేపట్నుంచి నేనే వచ్చి తలుపు కొడతాను. నువ్వు మాత్రం వెంటనే పలకాలి."

"పలుకుతాను." కుట్టుమిషనావిడ సంచిలోంచి పాలగ్లాసు తీసి మిషను మీద పెట్టింది. దాని అంచు తడుముతూ నిలబడింది. "టీచరమ్మా, మా వదిన తలుపెవరు కొడతారు?"

టీచరమ్మ ఫోన్ తీసింది. దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని వెతికింది. పాలావిడ కూతురి నంబరది. మొన్న ఆవిడ గుడ్డ కట్టలేదని చెప్పింది ఆ నంబరుకే. అవతల మోగుతూనే ఉంది. ఎవరో ఎత్తారు. కుట్టుమిషనావిడ మాట్లాడుతుందని టీచరమ్మ చెబితే పాలావిణ్ని పిలిచారు, ఫోన్ చేతులు మారింది.

"వదినా? నువ్వేనా?" పాలావిడ గొంతు గదంతా వినిపించింది. "ఇక్కడ కర్రల్లేవే. పొద్దున్నే లేచి కిటికీ ఊచకు కట్టాను. అల్లుడు విప్పేశాడు. మళ్లీ కట్టాను. నీకు కనిపించిందా?"

టీచరమ్మ తల వంచుకుంది.

"కనిపించింది వదినా," అంది కుట్టుమిషనావిడ.